ర్యాక్‌లో మిగిలిపోయిన మిస్సైళ్లు: ఒక స్పేస్ కాంబాట్ గేమ్ బ్యాలెన్సింగ్ కేస్ స్టడీ

తిరుపతిలో ఒక చిన్న టీమ్ తయారుచేస్తున్న స్పేస్ కాంబాట్ గేమ్‌లో ఆయుధాల బ్యాలెన్సింగ్ పని, అంటే ఏ ఆయుధమూ మరీ బలంగానూ మరీ వృథాగానూ లేకుండా సరిచేసే పని, నాకు వచ్చింది. గేమ్ ఇంకా విడుదల కాలేదు కాబట్టి పేరు చెప్పను. ఆట మటుకు ఇదీ: ఒక పైలట్, ఒక చిన్న ఫైటర్, పది పన్నెండు నిమిషాల మిషన్లు. చేతిలో మూడు ఆయుధాలు. లేజర్‌కు మందుగుండు అక్కర్లేదు. షిప్ ఎనర్జీతో నడుస్తుంది, ఆపకుండా కాలిస్తే వేడెక్కి కాసేపు మొరాయిస్తుంది. కానన్‌కు గుండ్ల లెక్క ఉంది గానీ మిషన్ అయ్యేలోపు అవి అయిపోవడం అరుదు. ఇక రెక్కల కింద మిస్సైళ్లు, ఆరు. కేసంతా ఈ ఆరింటి గురించే.

టీమ్ ఫిర్యాదు సూటిగా ఉంది: మిస్సైళ్లు ఎవరూ వాడటం లేదు. వాడటం లేదంటే బలం చాలడం లేదని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే డ్యామేజ్ 150 నుంచి 250కి, అక్కడి నుంచి 400కి పెంచుకుంటూ పోయారు. 400 దగ్గరికి వచ్చేసరికి మామూలు ఫైట్లలో వాడకం ఎప్పటిలాగే ఉంది, మిషన్ చివర వచ్చే పెద్ద శత్రు నౌక, ఫ్రిగేట్, మాత్రం చూస్తుండగానే పేలిపోతోంది. ఆ ఫ్రిగేట్ మీద టీమ్ ఎంతో శ్రమ పెట్టింది. టరెట్లు (నౌక మీద తిరిగే తుపాకులు), షీల్డ్ జనరేటర్, ఇంజిన్లు దేనికది విడిగా పగలగొట్టేలా కట్టారు. ఆటగాడు వాటిలో ఒక్కదాన్నీ గమనించకుండానే మిషన్ ముగించేస్తున్నాడు. డ్యామేజ్ తగ్గిస్తే మిస్సైల్‌ను ఎవరూ ముట్టుకోరు, పెంచితే చివరి ఫైట్ పోతుంది. నేను వెళ్లేసరికి పరిస్థితి ఇది.

లెక్క సులువుగా అర్థం కావడానికి ఇక్కడ సంఖ్యలను కాస్త గుండ్రం చేశాను. వాటి మధ్య నిష్పత్తులు ఆటలో ఉన్నవే.

లాగ్‌లో లేని అంకె

ప్లేటెస్ట్ లాగ్‌లో, అంటే బయటివాళ్లతో ఆడించి చూసినప్పుడు రాసుకునే రికార్డులో, చాలా వివరాలే ఉన్నాయి. ఎన్ని కాల్చారు, ఎన్ని తగిలాయి, ఏ ఆయుధంతో ఎంత డ్యామేజ్ వచ్చింది, అన్నీ రాస్తున్నారు. మిషన్ ముగిసినప్పుడు ర్యాక్‌లో ఎన్ని మిస్సైళ్లు మిగిలాయో మాత్రం ఎక్కడా లేదు. నేను మొదట అడిగింది ఆ ఒక్క అంకే. పరిమిత స్టాక్ ఉన్న ఏ ఆయుధానికైనా ఇదే కీలకమని నా నమ్మకం. ఎన్ని వాడారన్న లెక్క ఆయుధం బలం గురించి చెప్తుంది. ఎన్ని మిగిల్చారన్న లెక్క ఆటగాడి భయం గురించి చెప్తుంది.

ఆ అంకె జోడించాక బొమ్మ స్పష్టంగా కనబడింది. ఎక్కువమంది ఆరూ మిగుల్చుకుంటున్నారు, లేదా ఆరూ ఖాళీ చేస్తున్నారు. రెండో మూడో మిగిల్చి ముగించేవాళ్లు చాలా తక్కువ. ఖాళీ చేసినవాళ్లు కూడా ఫ్రిగేట్ కనబడ్డాకే, ఒకదాని వెనక ఒకటి, ఊపిరి తీసుకోకుండా వదిలేస్తున్నారు. అంటే మిస్సైల్ మిషన్‌లో ఆయుధంగా లేదు. చివర్లో నొక్కే ఒక బటన్‌గా ఉంది.

టెస్ట్‌కు వచ్చినవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి బాగా ఆడాడు. రెండుసార్లు ప్రాణం మీదికి వచ్చినా మిస్సైల్ వదల్లేదు. ఎందుకని అడిగితే వెంటనే చెప్పాడు: “యాడన్నా, ముందర పెద్ద షిప్పు వస్తాదేమోనని పెట్టుకోనుండా.” షిప్ వచ్చేలోపు అతని ఫైటరే పేలిపోయింది, ఆరు మిస్సైళ్లతో సహా.

ఆ అబ్బాయి చేసింది తప్పని నేను అనను. ఆట అతనికి చెప్పిన లెక్క ప్రకారం సరిగ్గానే నడుచుకున్నాడు. ఆ లెక్క ఏంటో చూడండి. మిస్సైల్ ఒక్కోటీ దుకాణంలో 400 క్రెడిట్లు. మిషన్ గెలిస్తే వచ్చేది 3000. శత్రు ఫైటర్‌ను పేలిస్తే బోనస్ 100. మిగిలిన మిస్సైళ్లు తర్వాతి మిషన్‌కు అలాగే వస్తాయి. అంటే ఒక ఫైటర్ మీద మిస్సైల్ వదిలితే 400 పోసి 100 సంపాదించినట్టు. అదే ఫైటర్‌ను లేజర్‌తో పడగొడితే ఇంకో పది సెకన్లు పడుతుందేమో, ఖర్చు మాత్రం సున్నా. ఆరూ వాడేస్తే 2400 పోయింది, మిషన్ సంపాదనలో చేతికి మిగిలేది 600. బుద్ధున్న ఎవడైనా దాచుకుంటాడు.

డ్యామేజ్ పెంచితే ఈ లెక్క మారదు. నిజానికి ఇంకా బిగుసుకుంటుంది, ఎందుకంటే మిస్సైల్ ఎంత బలంగా ఉంటే రేపటి పెద్ద గండానికి అది అంత అవసరం అనిపిస్తుంది. ఈ కేసులో నేను పట్టుకున్న దారం ఇదే: మిగిలిపోయిన మిస్సైల్‌కు మిషన్ తర్వాత కూడా విలువ ఉన్నంతకాలం, మిషన్ లోపల దాన్ని ఎంత సరిచేసినా ఆటగాడి చెయ్యి ఆ బటన్ మీదికి రాదు.

పాత ఆటలు ఏం చేశాయి

ఈ చిక్కు కొత్తది కాదు. 1993 నాటి ఎక్స్-వింగ్ ఆటలో ప్రోటాన్ టార్పిడోలు (అక్కడి మిస్సైళ్లు) మిషన్ మొదట్లో ఇచ్చినన్నే. ఒక మిషన్‌లో పొదుపు చేస్తే తర్వాతి దానికి కలిసొచ్చేది ఏమీ ఉండదు. 1999లో వచ్చిన ఫ్రీస్పేస్ 2 ఇంకో అడుగు వేసింది. మిషన్ మధ్యలోనే సపోర్ట్ షిప్‌ను పిలిచి మిస్సైళ్లు మళ్లీ నింపుకోవచ్చు. అయితే అది వచ్చి అతుక్కుని నింపేదాకా కదలకుండా ఉండాలి, దాన్ని శత్రువు పేల్చే ప్రమాదమూ ఉంది. అక్కడ మిస్సైల్ ధర డబ్బు కాదు, సమయమూ ప్రమాదమూ. ఆ ఆలోచన నాకు ఎప్పుడూ గొప్పగా అనిపిస్తుంది.

దీనికి ఎదురు కొసన ఉన్నది 2012 నాటి ఎఫ్‌టీఎల్. అందులో మిస్సైల్ షీల్డ్‌ను దాటుకుని నేరుగా షిప్‌కు తగులుతుంది, అంత విశేషమైన శక్తి. కానీ స్టాక్ ప్రయాణం మొత్తానికీ ఒక్కటే. వాడింది వాడినట్టే పోతుంది, మళ్లీ కావాలంటే దొరకాలి లేదా కొనాలి. ఆ ఆటలో అది నప్పింది, ఎందుకంటే అక్కడ ఆటంతా సరుకుల పొదుపు గురించే. ఇంధనం, డ్రోన్ భాగాలు, డబ్బు, అన్నిటికీ కరువే. ఫైటర్ నడిపే ఆటలో ఆటగాడి మనసు స్టిక్ మీద ఉంటుంది, ఖాతా పుస్తకం మీద కాదు. మా టీమ్‌కు తెలియకుండానే వాళ్ల దుకాణం ఎఫ్‌టీఎల్ పద్ధతిలో, వాళ్ల ఫైట్ ఎక్స్-వింగ్ పద్ధతిలో నడుస్తున్నాయి. ఆ రెండూ ఒకే ఒరలో ఇమడవు.

ఈవ్ ఆన్‌లైన్ అనే ఆట పద్ధతి కూడా చర్చకు వచ్చింది. అందులో మిస్సైల్ గురి తప్పడం అంటూ ఉండదు. లక్ష్యం పరిధిలో ఉంటే చేరుతుంది, కానీ లక్ష్యం చిన్నదైనా వేగంగా కదులుతున్నా డ్యామేజ్ తగ్గిపోతుంది. పెద్ద మిస్సైల్ ఫ్రిగేట్‌ను (ఆ ఆటలో అది చిన్న షిప్) గీకినట్టు మాత్రమే చేస్తుంది. ఆదేశాలిచ్చి నడిపే ఆటకు అది చక్కని సూత్రం. చేత్తో మలుపు తిప్పి తప్పించుకునే ఆటలో మాత్రం, కళ్లముందు మిస్సైల్ తగిలి డ్యామేజ్ పదో వంతు వస్తే ఆటగాడికి మోసపోయినట్టు ఉంటుంది. దాన్ని పక్కన పెట్టాం.

దుకాణంలో మార్చినవి

మొదటి మార్పు మిషన్ బయట చేశాం. ప్రతి మిషన్ మొదట్లో ర్యాక్ ఉచితంగా నిండుతుంది, మిగిలినవి తర్వాతి దానికి రావు. “అట్లయితే ఎకానమీ మొత్తం పోతాదన్నా” అని టీమ్‌లో దుకాణం చూసుకునే అమ్మాయి గట్టిగానే వాదించింది. ఆమె ఆందోళన న్యాయమైనదే, క్రెడిట్లు ఖర్చుపెట్టే దారుల్లో పెద్దది మిస్సైళ్లే. అందుకని క్రెడిట్లతో కొనేది మిస్సైల్‌ను కాదు, మిస్సైల్ రకాన్ని అని మార్చాం. వేగంగా వెళ్లి త్వరగా ఆరిపోయేది, నిదానంగా వెళ్లి గట్టిగా కొట్టేది, దగ్గరికెళ్లి నాలుగు ముక్కలయ్యేది. ఒకసారి కొంటే ఆ రకం నీది. బయల్దేరే ముందు ఆరు కొక్కేలకు ఏవి తగిలించాలో నీ ఇష్టం. దుకాణంలో ఎంపిక మిగిలింది, యుద్ధంలో పొదుపు పోయింది.

దీనికి తోడు రాబోయేది ఏంటో తెలియాలి. దాచుకోవడానికి ధర ఒక కారణమైతే తెలియనితనం రెండో కారణం. బ్రీఫింగ్‌లో మూడు విడతల ఫైటర్లు, చివర ఒక ఫ్రిగేట్ అని ఇప్పుడు స్పష్టంగా చూపిస్తాం. ఏ విడత నడుస్తోందో రేడియోలో చెప్తాం. కథాపరంగా ఆశ్చర్యం కావాలనుకున్న ఒక మిషన్‌లో, ఊహించని శత్రువు వచ్చే ముందు సరఫరా నౌక ఒకటి వచ్చి ర్యాక్ నింపుతుంది. ఆశ్చర్యం ఆటగాడిని దాచుకున్నందుకు మెచ్చుకునేలా ఉంటే, అతను ఆ తర్వాత ప్రతి మిషన్‌లోనూ దాచుకుంటాడు. ఒక్క మిషన్ నేర్పిన అలవాటు ఆటంతా వదలదు.

ఈ రెండు మార్పులకే వాడకం కళ్లకు కనబడేంత మారింది, డ్యామేజ్‌ను ఇంకా ముట్టుకోకముందే.

డ్యామేజ్ మెట్లు

ఇప్పుడు డ్యామేజ్ సంగతి. శత్రు ఫైటర్‌కు షీల్డ్, హల్ (షిప్ ఒళ్లు) కలిపి 200 పాయింట్లు. మిస్సైల్ 150 ఉన్నప్పుడు ఒక ఫైటర్‌కు రెండు కావాలి, రెండో దాంట్లో 100 వృథా. ఆరు మిస్సైళ్లంటే మూడు ఫైటర్లు. అదే 200కి చేరిన క్షణం ఆరు మిస్సైళ్లకు ఆరు ఫైటర్లు. అక్కడ మెట్టు ఉంది. 250 నుంచి 400కి పెంచితే ఫైటర్ల మీద వచ్చే లాభం సున్నా, అదే ఆరు. కానీ 3000 ఉన్న ఫ్రిగేట్ మీద ఆరూ కలిపి 1500 నుంచి 2400కి చేరాయి, అంటే ఐదింట నాలుగు వంతులు. టీమ్ పెంచిన ప్రతి పాయింటూ పెంచకూడని చోటికే పోయింది. లేజర్, కానన్ లాంటి గన్‌కు, అంటే ధారగా కాల్చే ఆయుధానికి, డ్యామేజ్‌ను పది శాతం పెంచితే ప్రభావం దాదాపు పది శాతం పెరుగుతుంది. ఒక్కోటిగా వదిలే ఆయుధానికి అలా కాదు. మెట్టు దాటేదాకా ఏమీ మారదు, దాటాక ఒక్కసారిగా మారుతుంది. సగటు డీపీఎస్ (సెకనుకు ఎంత డ్యామేజ్) పట్టికలో ఇది కనబడదు.

నేను 220 దగ్గర ఆపాను. ఫైటర్‌కు ఒకటి చాలు, కాస్త మార్జిన్ ఉంటుంది. మిషన్‌లో పన్నెండు ఫైటర్లు, ఒక ఫ్రిగేట్, మొత్తం 5400 పాయింట్లు పగలగొట్టాలి. ఆరు మిస్సైళ్లు కలిపి 1320, దాదాపు పావు వంతు. ఈ వంతును ముందే నిర్ణయించుకుని వెనక్కి లెక్క వేయడం నా పద్ధతి. పావు వంతు కంటే బాగా తక్కువైతే మిస్సైల్ అలంకారం అయిపోతుంది. సగం దాటితే గన్ నైపుణ్యానికి విలువ పోతుంది. ఈ హద్దులు ఈ ఆటకు సంబంధించినవి, వేరే ఆటలో వేరేగా ఉంటాయి.

ఫ్రిగేట్ మీద మాత్రం ఆరూ ఒకేసారి కుమ్మరించే దారి మూశాం. ఫ్రిగేట్ చిన్న టరెట్లు దగ్గరికొచ్చే మిస్సైళ్లను కాల్చి పడేస్తాయి. ఒక వైపు టరెట్లను ముందు గన్‌తో మౌనం చేస్తే, ఆ వైపు నుంచి వదిలిన మిస్సైల్ సజావుగా చేరుతుంది. గన్ దారి తెరిస్తే మిస్సైల్ లోపలికి వెళ్తుంది. ఆ ఫైట్‌కు టీమ్ పెట్టిన శ్రమ అప్పుడు ఆటగాడి కంటికి కనబడింది.

తప్పిపోయిన మిస్సైల్ ఖరీదు

లేజర్ బోల్ట్ గురి తప్పితే పోయేదేమీ లేదు, తర్వాతిది అప్పుడే బయల్దేరింది. మిస్సైల్ తప్పితే ఆరింట ఒక వంతు పోయింది. అందుకే స్టాక్ పరిమితంగా ఉన్న ఆయుధంలో పాచికలు వేయకూడదు. పాత కోడ్‌లో మిస్సైల్ దగ్గరికి వచ్చాక తగిలే అవకాశం ఇంత శాతం అని ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసేవాళ్లు. శత్రువు ఫ్లేర్ (మిస్సైల్‌ను దారి మళ్లించే మండే ఎర) వదిలితే ఆ శాతం సున్నా. ఆటగాడికి తన మిస్సైల్ ఎందుకు తప్పిందో తెలియదు. తెలియని నష్టం రెండుసార్లు జరిగితే మూడోసారి వాడడు.

ఆ సంఖ్యను పూర్తిగా తీసేసి, తప్పడం అన్నది ఎగరడంలోంచే పుట్టేలా చేశాం. దీనికి నిజమైన క్షిపణులు వాడే ప్రపోర్షనల్ నావిగేషన్ తీసుకున్నాం. సూత్రం సులువు. రేణిగుంట రోడ్డులో కూడలి దగ్గరికి వస్తున్నప్పుడు, పక్క రోడ్డులో వచ్చే లారీ మన కంటికి అదే కోణంలో నిలిచిపోయి సైజు మాత్రం పెరుగుతూ ఉంటే గుద్దుకోవడం ఖాయం. మిస్సైల్ కోరుకునేది సరిగ్గా అదే. లక్ష్యం కనబడే కోణం మారకుండా ఉండేలా తన దారిని తిప్పుకుంటుంది. కోణం ఎంత వేగంగా మారుతుంటే అంత గట్టిగా తిరుగుతుంది. ఎంత గట్టిగా అన్నది ఒక గుణకం నిర్ణయిస్తుంది. మామూలుగా 3 నుంచి 5 మధ్య ఉంటుంది.

బ్యాలెన్సింగ్ చేసేవాళ్లకు ఇందులో ఒక వరం ఉంది. లక్ష్యం ఒకే వైపు గట్టిగా తిరుగుతూ ఉంటే, ఆదర్శ పరిస్థితిలో చివరి క్షణానికి మిస్సైల్‌కు కావలసిన పక్క త్వరణం, లక్ష్యం త్వరణానికి ఎన్ని రెట్లో తేలిగ్గా లెక్కకట్టవచ్చు. గుణకాన్ని, గుణకంలోంచి రెండు తీసేస్తే వచ్చినదానితో భాగించాలి. గుణకం 3 అయితే మూడు రెట్లు, 4 అయితే రెండు రెట్లు, 5 అయితే ఒకటిన్నర కంటే కాస్త ఎక్కువ. మేము 4 పెట్టి, మిస్సైల్ గరిష్ఠ త్వరణాన్ని సెకనుకు సెకనుకు 45 మీటర్ల దగ్గర కట్టేశాం. మామూలు శత్రు ఫైటర్ త్వరణం 20. దాన్ని పట్టుకోవడానికి 40 చాలు, తప్పించుకోలేడు. శత్రువుల్లో ఆరితేరిన పైలట్ల ఫైటర్‌కు 30, అంటే మిస్సైల్‌కు 60 కావాలి, దాని దగ్గర లేదు. ఆటగాడి ఫైటర్‌కు 25, కావలసింది 50. మిస్సైల్ కొద్దిలో ఓడిపోతుంది, అదీ ఆటగాడు మొదటి నుంచీ గట్టిగా తిప్పి చివరిదాకా వదలకపోతేనే. ఏ శత్రువు మీద మిస్సైల్ పనికొస్తుందో ఇప్పుడు ఒక పట్టికలో మూడు సంఖ్యలు చెప్తాయి. ఏ పాచికా అక్కర్లేదు.

దీనికి ఇంధనం తోడైంది. గాలిలో ఎగిరే క్షిపణి మోటార్ ఆరిపోయినా రెక్కలతో కాస్త తిరగగలదు. శూన్యంలో రెక్కలకు పట్టు ఉండదు. మా ఆటలో మిస్సైల్ తిరిగేది మోటార్‌తోనే కాబట్టి మంట ఆరితే ఇక నేరుగా పోవడమే. ఆరు సెకన్లు మంట, ఆ తర్వాత ఆ మిస్సైల్ వట్టి రాయి. ఇందుకే మంటను పొడవుగా, తెల్లగా, దూరం నుంచి కనబడేలా గీయమని ఆర్టిస్ట్‌ను పట్టుబట్టి అడిగాను. శ్రీహరికోట 2022 నుంచి తిరుపతి జిల్లాలోనే ఉంది. ఆకాశం తేటగా ఉన్న రోజు మేడ ఎక్కి పీఎస్ఎల్‌వీ వెళ్లడం చూసిన పిల్లలకు, రాకెట్ దారంతా మండుతూ పోదన్న సంగతి చెప్పక్కర్లేదు. టెస్ట్‌లో వాళ్లు మంట ఆరేదాకా శత్రు మిస్సైల్‌ను తిప్పుతూ తీసుకెళ్లి, ఆరగానే పక్కకు జరిగిపోవడం ఎవరూ చెప్పకుండానే పట్టేశారు.

ఫ్లేర్‌ను కూడా ఇదే దారిలో పెట్టాం. ఇంజిన్ ఆపిన ఫైటర్ ఫ్లేర్ వదిలితేనే మిస్సైల్ మోసపోతుంది. ఇంజిన్ ఆపితే మలుపు తిప్పలేం. తిప్పాలా, ఆపి ఫ్లేర్ వదలాలా అన్నది ఆటగాడి నిర్ణయం. తప్పు నిర్ణయానికి ఫలితం వెంటనే తెలుస్తుంది.

ముక్కు ఎటు చూడాలి

ఈ కేసులో నాకు అన్నిటికంటే ఇష్టమైన మార్పు ఒక్క సంఖ్యది. మిస్సైల్ శత్రువును గురి పట్టుకోవడాన్ని లాక్ అంటాం. అందుకు శత్రువు మన ముక్కు ముందు ఎంత కోణం లోపల ఉండాలో చెప్పేది లాక్ కోన్. అది 15 డిగ్రీలు ఉండేది, దాన్ని 4 చేశాం.

శత్రువు 600 మీటర్ల దూరంలో మనకు అడ్డంగా సెకనుకు 100 మీటర్ల వేగంతో వెళ్తున్నాడు. కానన్ గుండు వేగం సెకనుకు 800. గుండు చేరడానికి 0.75 సెకను, ఈలోపు అతను 75 మీటర్లు జరుగుతాడు. అంటే ముక్కును అతనికి దాదాపు 7 డిగ్రీలు ముందు పెట్టి కాల్చాలి. మిస్సైల్ లాక్ కావాలంటే మాత్రం ముక్కు అతని మీదే ఉండాలి. కోన్ 15 ఉన్నంతకాలం రెండు పనులూ ఒకేసారి అయిపోయేవి. గన్ కాలుస్తూ కాలుస్తూ ఉంటే లాక్ దానంతటదే వచ్చేది. 4 చేశాక అడ్డంగా పోతున్న శత్రువు మీద గన్ కావాలో లాక్ కావాలో తేల్చుకోవాలి. వెనక చేరినప్పుడు మాత్రం ముందు పెట్టాల్సిన కోణం దాదాపు సున్నా కాబట్టి రెండూ కలిసొస్తాయి. వెనక చేరడమన్నది పైలట్ నైపుణ్యం. ఆ నైపుణ్యానికి బహుమతి మేము ఇవ్వలేదు, జ్యామితే ఇచ్చింది.

మిస్సైల్‌కు అప్పుడు రెండు ధరలు పడ్డాయి. ఒకటి ఆరింట ఒకటి. రెండోది లాక్ పట్టే రెండు సెకన్లలో కాల్చకుండా ఉండిపోయిన గన్. ఈ రెండో ధర వల్లే లేజర్ వేడిని కూడా సవరించాల్సి వచ్చింది. లేజర్ వేడెక్కి ఆగే సమయాన్ని లాక్‌కు పట్టే సమయానికి కాస్త ఎక్కువగా పెట్టాం. లేజర్ ఆగినప్పుడు చేయడానికి ఒక పని దొరికింది. మిస్సైల్‌ను సరిచేస్తున్నామనుకుంటూ గన్‌ను వదిలేస్తే పని సగమే అవుతుంది. అమెరికా యుద్ధ విమానం ఎఫ్-4 ఫాంటమ్ తొలి రకాల్లో లోపల గన్ లేకుండా మిస్సైళ్లనే నమ్ముకున్నారు. వియత్నాంలో దగ్గరి పోరాటాలు చూశాక ఎఫ్-4ఈలో 20 మిల్లీమీటర్ల గన్‌ను ముక్కులోనే అమర్చారు. ఒకటి చేయలేని పని రెండోది చేయాలి.

శత్రువుకు అయిపోని రెండు

ఆటగాడికి పెట్టిన పరిమితినే శత్రువులకూ పెట్టి, న్యాయంగా ఉందని టీమ్ సంతృప్తి పడింది. ఒక్కో శత్రు ఫైటర్‌కు రెండు మిస్సైళ్లు. అయితే శత్రు ఫైటర్ ఫైట్‌లో బతికేది అర నిమిషమో, ఇంకాస్తో. రెండు అయిపోయేలోపు తనే అయిపోతాడు. ఆ పరిమితి అతన్ని ఎప్పుడూ కట్టేయదు. నలుగురు ఒకేసారి ఎదురుపడితే మొదటి పది సెకన్లలో ఎనిమిది మిస్సైళ్లు గాల్లో ఉంటాయి. పన్నెండు నిమిషాలు బతకాల్సిన ఆటగాడికి ఆరు, అర నిమిషం బతికేవాడికి రెండు. నిమిషానికి లెక్కేస్తే ఎవరు ధనవంతులో తెలిసిపోతుంది.

శత్రువుల స్టాక్‌ను వదిలేసి, దళం మొత్తానికి ఒక టోకెన్ పెట్టాం. టోకెన్ చేతిలో ఉన్నవాడే వదలాలి. వదిలిన మిస్సైల్ పేలడమో ఆరిపోవడమో జరిగి, ఇంకో ఐదు సెకన్లు గడిచాకే టోకెన్ మళ్లీ తిరుగుతుంది. వదలబోయే ముందు రెండు సెకన్లు ముక్కు ఆటగాడి మీద నిలపాలి, అప్పుడు హెచ్చరిక శబ్దం మోగుతుంది. ఆటగాడికి ఎదురయ్యేది ఎప్పుడూ ఒకే మిస్సైల్. అది మాత్రం తేలిగ్గా తీసుకోలేని మిస్సైల్. కష్టం పెంచాలనుకున్న మిషన్లలో టోకెన్లు రెండు చేశాం. డ్యామేజ్ ఎక్కడా పెంచలేదు.

ఇప్పుడు లాగ్‌లో

చివరి టెస్ట్‌ల లాగ్‌లో మిగిలిన మిస్సైళ్ల అంకె రెండు కొసల నుంచి మధ్యలోకి వచ్చింది. ఒకటి రెండు మిగిల్చి ముగించడం మామూలైంది. ఫ్రిగేట్ ఫైట్ మళ్లీ ఒక ఫైట్ అయ్యింది. మొదట దాచుకుని పేలిపోయిన అబ్బాయిని మళ్లీ ఆడించాం. మూడో విడతలో వెనక పడ్డ ఇద్దరి మీద రెండు వదిలేసి, “ఇంగ రెండుండాయిలేన్నా, షిప్పుకు చాలు” అన్నాడు, కళ్లు స్క్రీన్ మీంచి తీయకుండా.

సరిపడనిది ఒకటి ఉంది. నాలుగు ముక్కలయ్యే మిస్సైల్. ఒక్కో ముక్కకు 70, నాలుగూ ఒకే ఫైటర్‌కు తగిలితే 280, దగ్గర దగ్గరగా ఎగిరే ఇద్దరి మధ్య చీలిపోతే ఇద్దరూ బతికిపోతారు. డ్యామేజ్ మెట్ల సమస్య ఇక్కడ మళ్లీ తలెత్తింది. ముక్కకు 100 చేస్తే రెండు ముక్కలకు ఒక ఫైటర్, ఒక మిస్సైల్‌కు ఇద్దరు. అప్పుడు మిగతా రకాలు ఎవరూ తగిలించుకోరు. ప్రస్తుతానికి ముక్కలకు హల్ మీద కాకుండా షీల్డ్ మీద మాత్రమే ఎక్కువ డ్యామేజ్ ఇచ్చి చూస్తున్నాం. గుంపు షీల్డ్‌లు ఊడదీసి, మిగతా పని గన్‌కు వదిలేసే ఆయుధంగా.

ఇద్దరు ఎదురెదురుగా ఆడే డ్యూయల్ మోడ్‌కు పై లెక్కలేవీ నేరుగా పనికిరాలేదు. అక్కడ ఇద్దరికీ ఆరేసి, ఇద్దరి ఆయుష్షూ సమానం, మిగిలిన మిస్సైల్‌కు విలువ ఎదుటివాడి దగ్గర ఎన్ని మిగిలాయన్న దాన్నిబట్టి ఉంటుంది. ఎదుటివాడి స్టాక్‌ను స్క్రీన్ మూల అంకెగా చూపించాలని టీమ్‌లో కొందరన్నారు, అసలు చూపించకూడదని కొందరు. మిస్సైళ్లను షిప్ మోడల్ మీదే, రెక్కల కింద, విడివిడిగా కనబడేలా తగిలించాం. వదిలినకొద్దీ కొక్కెం ఖాళీ అవుతుంది. దగ్గరికి వచ్చి, అతను పక్కకు ఒరిగిన క్షణంలో చూసుకుంటే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవచ్చు. ఆ మోడ్‌లో ఇంకా తేల్చాల్సింది మిస్సైల్ రంగులే. మూడు రకాలకు మూడు రంగులిస్తే దూరం నుంచే రకం తెలిసిపోతుంది, ఒకే రంగు ఇస్తే దగ్గరికి రావాల్సిందే. వచ్చే టెస్ట్‌లో రెండూ ఆడించి చూస్తాం.